సెక్షన్ 8: అద్దె సాయం ఎలా వచ్చింది, ఎవరికి వస్తుంది

అమెరికాలో ఉన్న మన కార్మికులు ‘సెక్షన్ 8’ మాట వింటూనే ఉంటారు. పేద కుటుంబాల ఇంటద్దెలో కొంత సర్కారు కట్టే పద్ధతి అది. 1937 నాటి గృహ చట్టం వల్ల ప్రభుత్వ ఇళ్లు వచ్చాయి గానీ, నిర్వహణ ఖర్చులు పెరిగేకొద్దీ వాటి అద్దెలూ పెరిగాయి. మసాచుసెట్స్ సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ పట్టుబట్టి 1969లో సవరణ తెచ్చాడు: రాబడిలో నాలుగో వంతుకు మించి అద్దె తీసుకోకూడదని. మా లెక్కలో అసలు మలుపు ఇదే. ఇంటిని చూసి కాదు, అందులో ఉండేవాళ్ల సంపాదన చూసి అద్దె కట్టించుకోవడం.

1974లో సెక్షన్ 8 వచ్చాక ప్రైవేటు ఇళ్లకూ సాయం దొరికింది. ఇల్లు మనమే వెతుక్కోవాలి. స్థానిక హౌసింగ్ అథారిటీ తన వాటా నేరుగా ఓనరుకు పంపుతుంది. 1981లో కుటుంబం వాటాను 30 శాతానికి పెంచారు. అంటే నెల రాబడి 2,000 డాలర్లుగా లెక్కతేలితే, మన వంతు దాదాపు 600.

మరి మనకు వస్తుందా? 1980 చట్టం ప్రకారం వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు రాదు. గ్రీన్ కార్డు ఉంటే అడగొచ్చు. అడిగినా వెంటనే రాదు. కాంగ్రెసు ఏటా ఇచ్చే డబ్బుతో నడిచేది కాబట్టి, అర్హులైన నాలుగు కుటుంబాల్లో సుమారు ఒక్కదానికే అద్దె సాయం అందుతోంది. వెయిటింగ్ లిస్టు కొన్ని ఊళ్లలో ఏళ్ల తరబడి మూసే ఉంటుంది. దరఖాస్తుకు ఫీజు లేదు, ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. లిస్టులో పేరున్నవాళ్లు ఇల్లు మారితే కొత్త అడ్రసు ఆఫీసులో రాయించాలి. ఉత్తరానికి జవాబు రాకపోతే పేరు కొట్టేస్తారు.