పని తగ్గించుకోవడం: కర్మాగారాల్లో దాగిన కారణాలు

ఉద్యోగం వదలకుండానే, అప్పగించిన కనీస బాధ్యతకు మించి శ్రమించకపోవడాన్ని 2022 నుంచి ‘క్వైట్ క్విట్టింగ్’ అని విరివిగా పిలుస్తున్నారు. పేరు కొత్తదే అయినా ఈ ధోరణి శతాబ్దానికి పైగా గ్రంథస్థమై ఉంది. దాని మూలాలను కార్మికుని స్వభావంలో కంటే పని ఏర్పాటులోనే వెతకాలని ఆ చరిత్ర చెబుతుంది.

ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో 1878లో చేరి ఇంజినీరుగా ఎదిగిన ఫ్రెడరిక్ టేలర్, 1911లో శాస్త్రీయ నిర్వహణపై ప్రచురించిన గ్రంథంలో, సహజమైన బద్ధకానికీ, కార్మికులు కూడబలుక్కొని వేగం తగ్గించడానికీ తేడా చూపాడు. చేసిన సరుకు లెక్కన కూలి ఇచ్చే చోట, ఎక్కువ చేసినవాడి సంపాదన పెరగగానే యజమాని రేటు కోసేవాడు కనుక, తమ సత్తాను దాచుకోవడం కార్మికులకు ఆత్మరక్షణ అయిందని ఆయన గుర్తించాడు. అయితే గడియారంతో ప్రతి కదలికనూ కొలిచి, ఆలోచించే పనిని అధికారులకే అప్పగించే ఆయన పద్ధతి ఆ అపనమ్మకాన్ని తొలగించలేకపోయింది.

షికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారంలో 1931 నవంబరు నుంచి 1932 మే వరకు సాగిన పరిశీలన ఈ అపనమ్మకాన్ని మరింత దగ్గరగా చూపింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజి పరికరాలకు తీగలు బిగించే పనిలో ఉన్న 14 మందిని ఒక గదిలో ఉంచి, వారి పనినీ మాటలనూ ఒక పరిశీలకుడు నమోదు చేశాడు. జట్టు మొత్తం ఉత్పత్తిని బట్టి వేతనం పెరిగే ఏర్పాటు ఉన్నా, రోజుకు రెండు పరికరాలు చాలునని వారిలో వారే ఒక హద్దు పెట్టుకున్నారు. ఆ హద్దు దాటినవాడి జబ్బ మీద తోటివారు పిడికిలితో గుద్దేవారు. మరీ తక్కువ చేసినవాడినీ, పైవారికి చాడీలు చెప్పినవాడినీ కూడా సహించేవారు కారు. ఉత్పత్తి పెరిగితే రేటు తగ్గుతుందనీ, కొందరి ఉద్యోగాలు ఊడతాయనీ వారు భయపడ్డారు. ఆర్థిక మాంద్యం వల్ల పని కరవై ఆ పరిశీలనే ఆగిపోయిన కాలంలో అది ఊహామాత్రపు భయం కాదు.

మనిషి పనిలో మనసు పెట్టాలంటే ఆ పనికి అర్థం ఉండాలనీ, తన అభిప్రాయం చెబితే నష్టం కలగదనే భద్రత ఉండాలనీ, అందుకు తగిన శక్తి తనలో మిగిలి ఉండాలనీ 1990లో పరిశోధకుడు విలియం కాన్ ప్రతిపాదించాడు. అదనపు శ్రమ ఫలం ఎవరికి చేరుతుందో ఉద్యోగికి నమ్మకం కలిగించని సంస్థ, అతని నిరాసక్తతను సోమరితనంగా లెక్కగట్టడం అన్యాయం. టేలర్ కాలం నాటి రేటు కోతకు ఈనాటి రూపమేదో ముందుగా తన నిబంధనల్లోనే వెతుక్కోవడం ఆ సంస్థ బాధ్యత.