రేంజ్‌ఫైండర్, మిర్రర్‌లెస్ కెమెరాలు
రెండింటిలోనూ లెన్స్ వెనక అద్దం ఉండదు. పోలిక దాదాపు అక్కడితో సరి. తొలి డిజిటల్ రేంజ్‌ఫైండర్ ఎప్సన్ ఆర్-డి1 (2004) 6.1 మెగాపిక్సెళ్లది. దీంతో ఫొటో తీసిన ప్రతిసారీ, పాత ఫిల్మ్ కెమెరాలో మాదిరే, లీవర్ లాగి షట్టర్‌ను సిద్ధం చేయాలి. లైకా ఎం8 (2006) పరారుణ కాంతిని సరిగా వడకట్టలేక నల్లటి సింథటిక్ బట్టను ఊదాగా చూపేది. ఈ రేంజ్‌ఫైండర్లలో వ్యూఫైండర్ కిటికీ మధ్య కనిపించే జంట బింబాలు ఒకటయ్యేదాకా లెన్స్ రింగు తిప్పాలి. ఖమ్మం జిల్లా కారేపల్లి స్టేషన్‌లో ఆగిన రైలుకు ఈ పద్ధతి హాయి. భద్రాచలం దారి అడవిలో ఎగిరే పిట్టకు పనికిరాదు. పైగా రేంజ్‌ఫైండర్ లెన్సులు సాధారణంగా 135 మి.మీ. దాటవు. పానసోనిక్ జీ1 (2008)తో బాట పడిన మిర్రర్‌లెస్ కెమెరాలు సెన్సర్ చూసేదాన్నే తెరపై చూపిస్తాయి. నేటి మోడళ్లు పిట్ట కంటిని పోల్చుకుని ఫోకస్‌ను దాని వెంటే నడుపుతాయి. పాత లైకా ఎం లెన్సులను అడాప్టర్‌తో వీటికీ బిగించుకోవచ్చు. ఫోకస్ మాత్రం సాధారణంగా చేత్తోనే తిప్పుకోవాలి.