బడిపిల్లల ల్యాప్‌టాప్‌లు – ప్రభుత్వ ధనము

బడిపిల్లలకు ప్రభుత్వధనముతో ల్యాప్‌టాప్‌లు కొనియీయవలెనా వలదా యను వివాదమునకు, అట్టి యంత్రము లోకమున వెలయుటకు పూర్వమే బీజము పడెను. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు అలన్ కే, పుస్తకమువలె చంకనిడుకొని పోదగిన 'డైనాబుక్' అను కంప్యూటరును పిల్లలకొఱకై భావించి, దాని స్వరూపమును సవిస్తరముగా వ్రాసెను; అంతకుమున్నే, జెనీవాలో బాలమనస్తత్వవేత్త పియాజే కడ పనిచేసి వచ్చిన సేమర్ పాపర్ట్, సహచరులతో గూడి 'లోగో' అను కంప్యూటరు భాషను నిర్మించి, కంప్యూటరు పిల్లవానిని నడపుట గాక పిల్లవాడే కంప్యూటరును నడపవలెనని వాదించుచుండెను. వీరి చింతయంతయు పిల్లలు నేర్చు విధమును గుఱించినది. వెల యెవరీయవలెనను ప్రశ్నకు 2002లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రము, గవర్నరు ఆంగస్ కింగ్ పూనికతో, ఏడవ తరగతి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు సమకూర్చి, ప్రభుత్వమే యీయవలెనని బదులు చెప్పెను.

బీదదేశముల గడప నా ప్రశ్న త్రొక్కినది 2005లో. ఆ నవంబరున ట్యునిస్ నగరమందలి సమావేశమున, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ సమక్షమున, అమెరికా సాంకేతికవేత్త నికొలస్ నెగ్రొపాంటీ 100 డాలర్ల ల్యాప్‌టాప్ నమూనాను ప్రదర్శించెను. చేతితో త్రిప్పి విద్యుత్తును పుట్టించు పిడి దానికి ప్రధానాకర్షణము. తయారై వెలువడునప్పటికి పిడి మాయమయ్యెను, వెల 200 డాలర్లకు చేరువయ్యెను. 2006లో మన కేంద్ర విద్యాశాఖ కార్యదర్శి సుదీప్ బెనర్జీ, ఈ పథకము బోధనాదృష్టిచే సందేహాస్పదమనియు, మనకు ముందుగా కావలసినవి తరగతిగదులును ఉపాధ్యాయులును అనియు చెప్పి నిరాకరించెను. అది కొందఱికి ఛాందసముగా తోచియుండవచ్చును గాని, పెరూ అనుభవము ఆయన పక్షముననే సాక్ష్యము పలికినది.

పెరూ ప్రభుత్వము ఈ యంత్రములనే ఎనిమిది లక్షలకు పైబడి కొని, మారుమూల పల్లెల బడులకు సైతము పంపెను. 319 గ్రామీణ పాఠశాలలను పరిశీలించి ఇంటర్-అమెరికన్ అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు 2012లో వెల్లడించిన దేమనగా, గణితమునగాని భాషయందుగాని పిల్లలకు కలిగిన లాభము కానరాలేదు. తార్కికశక్తిని కొలుచు పరీక్షలలో మాత్రము కొంత వృద్ధి యుండెను. ఒక్కొక్క యంత్రమున 200 పుస్తకములు నిక్షిప్తమై యుండినను, చదువరితనము పెరుగలేదు. పెక్కు బడులకు ఇంటర్నెట్టు లేకపోయెను, ఉపాధ్యాయులకు శిక్షణ చాలదయ్యెను. పంపిణీకి వేదికయు పూలదండయు కలవు. మరమ్మతునకు అవి లేవు గనుక, ఏ ప్రభుత్వమునకైనను దానిపై మనసు నిలువదు.

ఉరుగ్వే మార్గము వేఱు. 2007 మే నెలలో కార్డాల్ అను చిన్న గ్రామమున అధ్యక్షుడు తబారే వాస్కెజ్ ఆరంభించిన 'ప్లాన్ సెయిబల్', 2009 నాటికి దేశమందలి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలందఱకును, అనగా మూడున్నర లక్షలకు పైబడినవారికి, యంత్రముల నందించెను. పాఠశాలలకు ఇంటర్నెట్టును, చెడిన యంత్రములను బాగుచేయు ఏర్పాటును, వీనినన్నిటిని నిర్వహించు ప్రత్యేకసంస్థయు దానిలోని భాగములే. అయినను తొలి సంవత్సరముల పరీక్షాఫలములు గొప్పవి కావు. నాకు మెచ్చదగినదిగా తోచునది తరువాతి ఘట్టము: ఇంగ్లీషు బోధించువారి కొఱతను గమనించి, 2012 నుండి, దూరమున నున్న ఉపాధ్యాయుని తెరమీదుగా తరగతిలోనికి రప్పించిరి. లేని గురువును తెచ్చుటకు యంత్రము పనికివచ్చెను. ఉన్న గురువును తొలగించుటకు గాదు. ఇంటర్నెట్టు, మరమ్మతు, నిర్వహణ మొదలగువాని వ్యయమును ఏటేట భరింపగల ప్రభుత్వము బడిపిల్లలకు ల్యాప్‌టాప్‌లు కొనవచ్చును, భరింపలేనిది కొనరాదు. ముప్పదినాలుగు లక్షల జనము గల చదునైన చిన్నదేశమునకు ఇది సుకరమైనదనుటయు న్యాయమే.

మన దేశమున తమిళనాడు 2011 సెప్టెంబరు 15న, అణ్ణాదురై జయంతినాడు, ఉచిత ల్యాప్‌టాప్ పథకమును ప్రారంభించెను. అది ప్రధానముగా పండ్రెండవ తరగతివారికి గనుక, బడిని వీడు వేళకు చేతికి వచ్చిన యంత్రము బడిచదువునకంటె కళాశాలచదువునకే తోడ్పడెను. ఆంధ్రప్రదేశమున, పిల్లలను బడికి పంపు తల్లులకిచ్చిన 'అమ్మఒడి' నగదునకు బదులు ల్యాప్‌టాప్ కోరుకొను వెసులుబాటును ముందు ప్రకటించిన ప్రభుత్వము, 2022 డిసెంబరు 21న, ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి జన్మదినమున, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదవ తరగతివారికి ట్యాబుల పంపిణీని ఆరంభించెను. (జయంతులకును యంత్రములకును ఈ చుట్టరికమెట్లు కుదిరెనో!) పాఠములను ముందే ట్యాబులలో నింపియిచ్చుట, నెట్టు అందని పల్లెలకు మేలైన యోచనయే. అయితే ఆ పాఠముల నొసగిన బైజూస్ సంస్థ 2024లో దివాలా ప్రక్రియలో చిక్కుకొనెను. ఇట్టి ఒప్పందములలో పాఠములపై హక్కు ప్రభుత్వమునకే దఖలుపడునట్లు వ్రాసికొనుట, యంత్రపు వెలకంటె ముందు తేల్చుకొనవలసిన విషయము.