రుతువిరతి తరువాత బోలు ఎముకల వ్యాధి

ముట్లుడిగిన స్త్రీలలో ఎముక సాంద్రత తగ్గి, లోపలి అల్లిక పలచబడి, చిన్నపాటి దెబ్బకే ఎముక విరిగే స్థితిని రుతువిరతి తరువాతి బోలు ఎముకల వ్యాధి అంటారు. వెన్నుపూసలు, తుంటి, మణికట్టు ఎక్కువగా విరుగుతాయి. విరిగేదాకా సాధారణంగా ఏ సూచనా ఉండదు. వెన్నుపూసలు కుంగినప్పుడు ఎత్తు తగ్గుతుంది, నడుం వంగుతుంది. ఈ వ్యాధికి ఈస్ట్రోజెన్ లోపంతో ఉన్న సంబంధాన్ని అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1940ల ఆరంభంలో వివరించాడు.

కారణం

ఎముక జీవితాంతం కరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలను ఈస్ట్రోజెన్ అదుపులో ఉంచుతుంది. ముట్లు ఆగాక అది తగ్గి, కట్టుకునే దానికన్నా కరిగేది ఎక్కువవుతుంది. తొలి కొన్నేళ్లలో ఈ నష్టం చాలా వేగంగా సాగుతుంది. అండాశయాలు తొలగిస్తే ఇదే మార్పు చిన్న వయసులోనే, ఒక్కసారిగా మొదలవుతుంది. గర్భసంచి మాత్రమే తీసినా అండాశయాలు ముందుగా ఉడిగిపోవచ్చు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగింపు దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్ (8.9 శాతం), తెలంగాణల్లోనే (7.7 శాతం) ఎక్కువ. అవసరం లేని ఆపరేషన్‌ను ఆపడం కూడా ఎముకల రక్షణే.

జీవక్రియతో సంబంధం

రుతువిరతి దశలోనే పొట్ట చుట్టూ కొవ్వు, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతాయి. ఇన్సులిన్ పనితీరు తగ్గవచ్చు. ఒళ్లున్న మనిషికి ఎముక గట్టిదన్న నమ్మకం అన్నివేళలా నిజం కాదు. టైప్ 2 మధుమేహంలో స్కానింగ్‌లో సాంద్రత బాగానే కనిపించినా ఎముక విరిగే ముప్పు ఎక్కువ. రక్తంలో అధిక చక్కెర ఎముకలోని కొల్లాజెన్‌ను పెళుసు చేస్తుంది. చూపు మందగించడం, పాదాల తిమ్మిరి వల్ల తూలి పడే ప్రమాదమూ పెరుగుతుంది. అలాగని తిండి బాగా మానేసి త్వరగా బరువు తగ్గితే కొవ్వుతోపాటు కండ, ఎముక కూడా తరుగుతాయి.

ఆహారం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పేద కుటుంబాల స్త్రీలపై జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, వారికి ఆహారం ద్వారా అందుతున్న కాల్షియం రోజుకు సుమారు 270 మి.గ్రా. మాత్రమేనని తేలింది. 2020 జాతీయ ప్రమాణం ప్రకారం రుతువిరతి తరువాత 1200 మి.గ్రా. కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350, మునగాకులో 300కు పైగా, పాలలో సుమారు 120 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. గ్లాసు జావలో పడే రాగిపిండి కొద్దిగానే కనుక అదొక్కటే చాలదు. పాలకూరలోని కాల్షియం ఆక్సలేట్ల వల్ల ఒంటికి అంతగా పట్టదు. అన్నం కొంత తగ్గించి పప్పు, పెరుగు, గుడ్డు, ముల్లుతో సహా తినే చిన్న చేపలు పెంచితే చక్కెర అదుపుకూ ఎముకకూ మేలు. కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి; ఎండకు కొదవలేని తిరుపతి ప్రాంతంలోనూ దాని లోపం విస్తారంగా ఉందని అక్కడి స్విమ్స్ వైద్య సంస్థ పరిశోధనలు చూపాయి.

నిర్ధారణ, చికిత్స

ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో, యువతుల సగటుతో పోల్చి చెప్పే టి-స్కోరు −2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్వచించింది. నడక మంచిదే అయినా, బరువులతో చేసే వ్యాయామం ఎముకకు ఎక్కువ బలమిస్తుంది. బిస్ఫాస్ఫోనేట్లు, డెనోసుమాబ్, టెరిపారటైడ్ ప్రధానమైన మందులు. డెనోసుమాబ్‌ను ఉన్నట్టుండి ఆపితే వెన్నుపూసలు విరిగే ముప్పు ఉంది. మధుమేహానికి వాడే పియోగ్లిటజోన్ స్త్రీలలో ఎముక విరిగే అవకాశాన్ని పెంచుతుంది. అందుకే చక్కెరకు, ఎముకకు వైద్యం విడివిడిగా కాక కలిపి నిర్ణయించాలి.