చౌమహల్లాకు పోయినం, మా పట్టా చదివించుకున్నం

పోస్టు కొంచెం పొడుగైంది. ఓపికతో చదవండి, చివర్ల మీతోని ఒక పని ఉన్నది.

దసరా సెలవులకు అన్నాచెల్లెళ్లం ఇద్దరం హాస్టళ్ల నుంచి నాచారం వచ్చినం. బాపు అక్కడ ఇండస్ట్రియల్ ఏరియాల లోడింగ్ పని చేస్తడు. ఊరి నుంచి అవ్వ కూడా వచ్చింది. మా ఊరు మార్లవాయికి దగ్గర్లనే, ఆసిఫాబాద్ జిల్లా. హైదరాబాద్‌ల ఏం చూస్తవ్ అవ్వా అంటే "నిజాం ఇల్లు చూస్త" అన్నది. చార్మినార్ కాదు, జూ కాదు, నిజాం ఇల్లు!

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కోఠి బస్సు ఎక్కినం. అమ్మకు, అవ్వకు, చెల్లెకు జీరో టికెట్. కోఠి నుంచి ఆటో. లోపలికి పోయే టికెట్లకు మాత్రం బాపు ఒక రోజు హాజరు పైసలు పోయినట్టే.

చౌ అంటే నాలుగు. అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, అఫ్తాబ్ అని నాలుగు మహళ్లు. 1750ల సలాబత్ జంగ్ మొదలుపెడితే, ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా కాలంల, అంటే 1857 నుంచి 1869 మధ్యల గాని పూర్తి కాలేదు. ఖిల్వత్ అనే దర్బారు హాల్‌ల బెల్జియం అద్దాల షాండ్లియర్లు 19 ఉన్నయి. అవ్వ మెడ ఎత్తి చూసి "ఇన్ని దీపాలకు నూనె ఎవలు పోసిన్రు?" అని అడిగింది. మేం నవ్వినం గాని, ఆలోచిస్తే అదే అసలు ప్రశ్న.

ఒక సంగతి చరిత్ర చదివేటోళ్లకు చెప్పాలె. ఇక్కడ పునాదులు పడ్డ మరుసటి ఏడే, 1751ల, చాందా గోండు రాజుల రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతిలకు పోయింది. ఒక రాజ్యం మహల్ కట్టుకుంటున్నది, ఇంకో రాజ్యం కోట పోగొట్టుకున్నది. మనోళ్ల కోటల ముందు టికెట్ కౌంటర్లు లేవు, ఎక్కువ శాతం ముళ్లకంపలే ఉన్నయి.

కుమ్రం భీం గురించి మన దగ్గర అందరం వినే కథ ఉన్నది. బాబెఝరి చుట్టుపక్కల పన్నెండు ఊళ్లకు పట్టాలియ్యమని అడగనీకె ఆయన హైదరాబాద్ వచ్చిండు, నిజాంను కలవనియ్యలేదు అని. చెల్లె గేటు దగ్గర నిలబడి "ఈ దర్వాజ కాడినుంచే వాపస్ పంపిన్రా?" అన్నది. కాదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉండింది కింగ్ కోఠిల, చౌమహల్లా దర్బార్లకు, వేడుకలకు. మనం కోపంల కూడా తప్పు అడ్రస్ చెప్పొద్దు. అట్ల చెప్తే మిగతా నిజం కూడా ఎవలు నమ్మరు.

మిగతా నిజం ఇది. 1937ల అమెరికా టైమ్ పత్రిక ఉస్మాన్ అలీ ఖాన్ బొమ్మ అట్ట మీద వేసి, లోకంల అందరికన్న ధనవంతుడు అన్నది. మూడేండ్లకే, 1940ల, జోడేఘాట్‌ల భీంను, ఆయన మనుషులను పోలీసులు కాల్చి చంపిన్రు. దున్నుకునే భూములను రిజర్వు ఫారెస్టు గీతల లోపల వేసి, పశువులు మేస్తే జుర్మానా, కట్టె కొడితే జుర్మానా. అడిగింది పట్టా, వచ్చింది తూటా.

తర్వాత సర్కారుకే భయమైంది. యుద్ధం వల్ల హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దని కట్టడిల ఉన్న ఆస్ట్రియా దేశపు హైమన్‌డార్ఫ్‌ను, మనోళ్ల మీద రిపోర్టులు రాయమన్నది. 1943ల మార్లవాయిల గోండు పిల్లగాండ్లను పంతుళ్లను చేసే ట్రైనింగ్ సెంటర్ పెట్టిన్రు. వేలమందికి పట్టాలు ఇచ్చిన్రు. 1946ల గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. ఇయ్యాల మనం 1/70 అంటున్నమే, దాని పెద్దన్న అనుకోండి. ఆ దొర మంచోడే, కాదనం. కాని ముందు జోడేఘాట్, ఆ తర్వాతనే మార్లవాయి. ఈ వరుస మర్చిపోవద్దు.

మహల్ ఫోటోల గదిల దర్బార్లు, పెండ్లిళ్లు, మోటార్లు ఉన్నయి. బయట పసుపు పచ్చ రోల్స్ రాయిస్, 1912 మోడల్. మా కంట పడ్డకాడికి మనోళ్ల ఫోటో ఒక్కటి లేదు.

ఇంతల అవ్వ ఒక అద్దం కాడ ఆగింది. లోపల చేతిరాత పుస్తకం. "ఇది మన పెట్టెల కాగితం మీది చీమల రాతే గదా" అన్నది. చెల్లెకు కాళ్లు నిలవలే. ఎందుకంటే ఆ కాగితం ఫోటో పోయినేడు తీసి ఫోన్‌ల పెట్టుకున్నం. ఇంట్ల ఎవలం చదవలేం, ఉర్దూ.

నీళ్ల ఫౌంటేన్ కాడ మనుమండ్లతోని కూసున్న ఒక ముసలాయనను అడిగినం. ఫోన్ పెద్దగ చేసి, అద్దాలు తుడుచుకొని చదివిండు. అవ్వ వాళ్ల మామ పేరు, ఊరి పేరు, పదిహేను ఎకరాలు, ఫస్లీ 1354. అవ్వ పేరు వినంగనే ముసుగు సర్దుకున్నది, మామ ఎదురుంగ ఉన్నట్టే.

పదిహేను ఎకరాలు అని మాకు ఎవలు చెప్పలే. ఇప్పుడు మా చేతిల ఉన్నది ఐదు. మిగతాది ఒక కరువు ఏడు జొన్నల అప్పుకు తాతతోని వేలిముద్ర పెట్టించుకొని షావుకారు పట్టుకుండు. అవ్వకు తెలుసు గాని ఎన్ని ఎకరాలో తెల్వదు. బాపు మాత్రం బస్సుల ఉప్పల్ దాకా మాట్లాడలే. నాచారంల బస్తాలు ఎందుకు మోస్తున్నడో ఆ పది ఎకరాల లెక్కల ఉన్నది గదా.

ఏజెన్సీ భూమి గిరిజనేతరుని పేరు మీదికి పోవుడు చెల్లదని హాస్టల్ల లా చదివే అన్న చెప్పిండు. కాగితాలన్ని పట్టుకొని రమ్మన్నడు. పున్నమికి జోడేఘాట్ పోయి వచ్చినంక ఆ పని మీదనే ఉంటం.

ఇగ మీతోని పని. ఇంట్ల పాత పెట్టెల, చూరు కింద, దేవుని గూట్ల ఉర్దూ రాత కాగితం ఏదన్న ఉంటే చెత్త అని పారేయకండి. వెలుతుర్ల ఫోటో తీసి పెట్టుకోండి, మడతలు విప్పేటప్పుడు జాగ్రత్త. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే మన లెక్క వస్తది, మాది 1944. ఊరు, సర్వే నంబరు గ్రూపుల పెట్టకండి, నేరుగా పంపండి. మా కాలేజీల ఉర్దూ చదివేటోళ్లు ఇద్దరున్నరు, చదివి పెడతం అన్నరు.