ఓడే జట్టు, ఓపికున్న ఉస్తాద్

ఉర్దూలో తాలీమ్, తర్బియత్ జంట మాటలు. తాలీమ్ అంటే చదువు చెప్పడం. తర్బియత్ అంటే మనిషిని తయారుచేయడం. ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్న నాకు తర్బియత్‌కి సరిపోయే తెలుగు మాట చాలా రోజులు దొరకలేదు. ‘శిక్షణ’ అన్నారు. దాని పక్కనే ‘శిక్ష’ నిలబడి ఉంటుంది. ‘పెంపకం’ దగ్గరగా వస్తుంది గానీ అది ఇంటి మాట. ఓడిపోతున్న జట్టులో చేరిన కుర్రాళ్లకి ఈ మూడింటిలో ఏది దొరుకుతుందో దాని మీదే వాళ్ల నసీబ్, ఆ జట్టు నసీబ్ ఆధారపడి ఉంటాయి. దీనికి నాకు తెలిసిన మంచి మిసాల్ మన దేశంలోది కాదు. మన హాకీ కూడా కాదు. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో, మంచు గడ్డ మీద ఆడే ఐస్ హాకీది.

ఆ జట్టు పేరు న్యూయార్క్ ఐలాండర్స్. 1972లో అది పుట్టిందే ఒక ముకాబ్లాలోంచి. లాంగ్ ఐలండ్‌లోని నసావు కౌంటీలో కొలీజియం అని కొత్త స్టేడియం కట్టారు. వరల్డ్ హాకీ అసోసియేషన్ అనే కొత్త లీగ్ దాని మీద కన్నేసింది. వాళ్లు అడుగు పెట్టకముందే పాత లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, హడావిడిగా అక్కడ తన జట్టునొకదాన్ని దించింది. యజమాని రాయ్ బో లీగ్‌కి 60 లక్షల డాలర్లు కట్టాలి. పక్కనే ఉన్న రేంజర్స్ జట్టు ఇలాకాలోకి వస్తున్నందుకు వాళ్లకి ముఆవజా విడిగా కట్టాలి. అంత ఖర్చు పెడితే చేతికొచ్చింది ఏమిటి? మిగతా క్లబ్బులు తమకి అక్కర్లేదని వదిలేసిన ఆటగాళ్లు. అందులోనూ కొందరు ఎక్కువ జీతం ఇస్తామన్న కొత్త లీగ్‌కి వెళ్లిపోయారు.

మొదటి సీజన్ హిసాబ్ చూడండి. 78 ఆటలు. గెలిచినవి 12, ఓడినవి 60, సమానమైనవి 6. కొట్టిన గోల్స్ 170, తిన్న గోల్స్ 347. అప్పటిదాకా ఆ లీగ్‌లో ఏ జట్టూ ఒక్క సీజన్‌లో 60 ఆటలు ఓడలేదు. సీజన్ మధ్యలోనే కోచ్‌ని మార్చారు. అయినా ఓటములు ఆగలేదు.

అప్పట్లో ఆ లీగ్‌లో ఒక రివాజ్ ఉండేది. అందరికన్నా అడుగున మిగిలిన జట్టుకి మరుసటి ఏడు కొత్త కుర్రాళ్లలో మొదటివాణ్ని ఎంచుకునే హక్కు ఇచ్చేవారు. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. 1973లో అందరి నజర్ డెనిస్ పొట్వాన్ అనే డిఫెండర్ మీద ఉంది. మాంట్రియల్ జట్టు మేనేజర్ శామ్ పొలాక్ ఆ రోజుల్లో ఇలాంటి సౌదాల్లో ఉస్తాద్. ఓడిపోయే జట్ల దగ్గరికి వెళ్లి ‘మీ హక్కు మాకివ్వండి, బదులుగా ఇప్పుడే ఆడగల నలుగురిని తీసుకోండి’ అనేవాడు. ఆకలితో ఉన్నవాడు విత్తనాల వడ్లు అమ్ముకున్నట్టు చాలామంది అమ్ముకున్నారు. ఐలాండర్స్ జనరల్ మేనేజర్ బిల్ టోరీ మాత్రం ఒప్పుకోలేదు. 60 ఆటలు ఓడిన మేనేజర్‌కి నలుగురు తయారైన ఆటగాళ్లంటే నౌకరీ నిలబెట్టుకునే దారి. ఆయన ఆ దారి వదిలేసి పొట్వాన్‌ని తీసుకున్నాడు. పిల్లవాడికి పరాయి చోటు కాకూడదని అనుకున్నారేమో, అతని అన్న జాన్ పొట్వాన్‌ని అప్పటికే ఫిలడెల్ఫియా నుంచి తెచ్చుకుని ఉన్నారు.

అదే ఏడు కోచ్‌గా వచ్చినవాడు అల్ ఆర్బర్. కెనడాలోని సడ్‌బరీ వాడు. కళ్లజోడు పెట్టుకుని ఐస్ హాకీ ఆడిన అరుదైన మనిషి. ఆటగాడిగా పెద్ద సితార కాదు. గోల్స్ కొట్టడం కన్నా గోల్స్ పడకుండా అడ్డుపడటం అతని పని. వచ్చీ రాగానే పిల్లలకి అదే నేర్పాడు: ముందు మన ఇల్లు కాపాడుకుందాం. రెండో సీజన్‌లో గెలుపులు 12 నుంచి 19కి మాత్రమే పెరిగాయి. పట్టికలో మళ్లీ అడుగునే. కానీ తిన్న గోల్స్ 347 నుంచి 247కి దిగాయి. టికెట్ కొని వచ్చినవాడికి ఈ తేడా కనిపించదు. ఓడినరోజు ఓటమే కనిపిస్తుంది. సరిగ్గా వంద గోల్స్ తగ్గాయంటే ఆ ఏడంతా లోపల ఎంత మెహనత్ జరిగిందో పాత లెక్కలు చదివే నాలాంటివాడికి తెలుస్తుంది.

1974లో బ్రయాన్ ట్రాటియే అనే పదిహేడేళ్ల కుర్రాణ్ని 22వ స్థానంలో తీసుకున్నారు. సస్కాచెవాన్‌లో వాల్ మరీ అనే చిన్న ఊరివాడు. జట్టుకి ఆటగాళ్ల కొరత ఉంది. అయినా అతన్ని వెంటనే దించలేదు. ‘ఇంకో ఏడాది నీ వయసువాళ్లతో ఆడి రా’ అని జూనియర్ జట్టుకే తిరిగి పంపారు. మరుసటి సీజన్‌లో వచ్చి 95 పాయింట్లు చేశాడు. కొత్త ఆటగాళ్లలో అప్పటికి అదే రికార్డు. ఆ ఒక్క ఏడు ఇంతిజార్ వల్ల ఎంత లాభమొచ్చిందో ఎవరూ తూకం వేసి చెప్పలేరు. నష్టమైతే రాలేదు.

ఈలోగా 1975లో ఈ పిల్లల జట్టు మొదటిసారి ప్లేఆఫ్స్‌కి చేరింది. పక్కింటి రేంజర్స్‌ని ఓవర్‌టైమ్ మొదలైన 11 సెకన్లలో కొట్టిన గోల్‌తో ఇంటికి పంపింది. తర్వాత పిట్స్‌బర్గ్‌తో మొదటి మూడు ఆటలూ ఓడి, వరసగా నాలుగు గెలిచింది. 1942లో టొరాంటో తర్వాత ఆ లీగ్‌లో ఎవరూ చేయని పని అది.

1977లో మైక్ బాసీ వంతు. 14 మందిని తీసుకున్నాక కూడా ఇతను మిగిలే ఉన్నాడు. గోల్స్ కొడతాడు గానీ ఎదుటివాణ్ని ఆపడం రాదని పేరు. అతన్ని తీసుకోవాలా, అడ్డుకోవడం బాగా వచ్చిన మరొకణ్ని తీసుకోవాలా అని టోరీ ఆర్బర్‌ని అడిగాడు. గోల్స్ కొట్టేవాడికి అడ్డుకోవడం నేర్పగలను గానీ అడ్డుకునేవాడికి గోల్స్ కొట్టడం నేర్పడం కష్టమని ఆర్బర్ జవాబు. ఉస్తాద్ అంటే ఇదీ! తాను ఏది నేర్పగలడో, ఏది పుట్టుకతో రావాలో తెలిసినవాడు. షాగిర్ద్‌లో కమ్‌జోరీ చూసి తిప్పి పంపకుండా, అది తన పని అనుకున్నవాడు. బాసీ మొదటి సీజన్‌లోనే 53 గోల్స్ కొట్టాడు.

ఇక్కడితో కథ సుఖాంతం కాలేదు. 1978లో టొరాంటో చేతిలో ఏడో ఆట ఓవర్‌టైమ్‌లో ఓడారు. 1979లో లీగ్ మొత్తం మీద అందరికన్నా ఎక్కువగా 116 పాయింట్లు చేసి కూడా సెమీఫైనల్లో రేంజర్స్ చేతిలోనే షికస్త్. యజమాని బో అప్పుల్లో మునిగి 1978లోనే పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. పెద్ద ఆట వచ్చేసరికి వీళ్ల హౌస్లా చాలదని అందరూ అనేశారు. 60 ఆటలు ఓడినప్పటి సబ్ర్ వేరు, అన్నీ గెలిచి చివరిది ఓడినప్పుడు కావాల్సిన సబ్ర్ వేరు. నా లెక్కలో రెండోదే కష్టం.

టోరీ బునియాద్ కదల్చలేదు. కానీ 1980 మార్చిలో ఒక్క సౌదా చేశాడు. లాస్ ఏంజెలెస్ నుంచి బుచ్ గోరింగ్ అనే అనుభవస్తుణ్ని తెచ్చాడు. బదులుగా ఇచ్చిన ఇద్దరిలో ఒకడు బిల్లీ హారిస్. 1972లో ఈ జట్టు తన జిందగీలో మొట్టమొదట ఎంచుకున్న పిల్లవాడు ఇతనే. ఆ చెడ్డ రోజులన్నీ మోశాడు. తను వెళ్లిన రెండున్నర నెలలకి, 1980 మే 24న, ఐలాండర్స్ ఫిలడెల్ఫియా మీద ఆరో ఆట ఓవర్‌టైమ్‌లో గెలిచి స్టాన్లీ కప్ ఎత్తారు. గోల్ కొట్టినవాడు బాబ్ నైస్ట్రమ్. ఆ గోల్‌కి బంతి, కాదు, పక్ అందించినవాళ్లు జాన్ టొనెలీ, లోర్న్ హెన్నింగ్. నైస్ట్రమ్, హెన్నింగ్ ఇద్దరూ హారిస్‌తో పాటు అదే 1972 డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్లు. తర్వాత వరసగా మరో మూడు కప్పులు, 1984 ఫైనల్ దాకా మొత్తం 19 సిరీస్‌ల ఫతే.

ఈ తారీఖ్ చదివినప్పుడల్లా నా మనసు గోల్ దగ్గర కాకుండా హారిస్ దగ్గర ఆగుతుంది. తర్బియత్ అంటే అందరినీ చివరిదాకా మోసుకెళ్లడం కాదని టోరీకి తెలుసు. అతని నిర్ణయం సరైనదే. అయినా అందులో ఒకరి హక్కు మిగిలిపోయింది. జట్టుని నిలబెట్టినవాళ్ల లెక్క రాసేటప్పుడు కప్పు ఎత్తనివాడి పేరు కూడా రాయాలి. అంతకన్నా ఇన్సాఫ్ మన చేతుల్లో లేదు.

నేనెందుకు ఇదంతా తవ్వుతున్నానంటే, మా పత్రికల డెస్కులు కూడా ఇప్పుడు ఓడిపోతున్న జట్లే. సర్క్యులేషన్ తగ్గుతోంది, మనుషులు తగ్గుతున్నారు. ఇరవై రెండేళ్ల పిల్లలు వస్తారు. మూడో నెలకే ‘వీడికి వాక్యం రాదు’ అని తీర్పు అయిపోతుంది. వాక్యం మనం నేర్పగలం కదా! కబురు వాసన పట్టే ముక్కు ఉందా లేదా అన్నదే చూడాలి. అది ఉన్నవాడికి ఒక ఏడాది ఇస్తే ఏం పోతుంది? నిజమే, ఆ ఏడాది జీతం ఎవరిస్తారన్న సవాలుంది. ఐలాండర్స్‌కీ ఉండింది. అప్పుల్లో ఉన్న జట్టే ఆ పిల్లల్ని అమ్ముకోకుండా ఆగింది.

ఆర్బర్ 1994లో కోచ్ పని చాలించాడు. అప్పటికి ఐలాండర్స్‌కి 1,499 ఆటలు నడిపాడు. 2007 నవంబర్ 3న, 75 ఏళ్ల వయసులో, ఆ ఒక్క ఆట కోసం మళ్లీ బెంచి దగ్గరికి పిలిచారు. పిట్స్‌బర్గ్ మీద 3-2తో గెలిచారు. ఆ జట్టుతో అతని 740వ గెలుపు అది. పైకప్పుకి అతని పేరుతో వేలాడుతున్న 739 జెండాని దించి, అతను నడిపిన ఆటల లెక్కగా 1500 అని ఉన్న జెండా ఎత్తారు. 2015లో ఆయన పోయారు. ఆ 740 గెలుపుల్లో మొదటి ఏడాదివి 19 మాత్రమే.