పామర్రు పెద్దావిడ మెట్రిక్ పరీక్ష

కిందటేడు ఉద్యోగం పోయి బెజవాడ వచ్చేశాను. రోజంతా రెజ్యూమె దిద్దుకోవడం, చుట్టాలకి మొహం చాటెయ్యడం. ఓ సాయంత్రం ఇంటర్వ్యూ పుస్తకం కొందామని ఏలూరు రోడ్డుకెళ్ళి, కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ 'నిర్జన వారధి' తెచ్చుకున్నా. ఉద్యమాల గొడవ మనకెందుకులే అనుకుంటూనే తెల్లారేదాకా చదివా.

1918లో మన కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారావిడ. ఊహ తెలియని వయసులోనే పెళ్ళి, వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యగారితో మళ్ళీ పెళ్ళి. కమ్యూనిస్టు పార్టీలో పాటలు, నాటకాలు, నిర్బంధం రోజుల్లో అజ్ఞాతవాసం. చివరికి ఆయన వదిలి వెళ్ళిపోయారు.

అక్కడితో కథ అయిపోవాలి కదా? ముప్పై దాటిన మనిషి హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు! కాకినాడలో హాస్టలు మేట్రన్‌గా పనిచేసి బతికారు. ఎదిగిన పిల్లలిద్దరూ పోయినా నిలబడ్డారు. తొంభై దాటాక, 2012లో ఈ పుస్తకం వచ్చింది. 2018లో, నూరేళ్ళు నిండాకే వెళ్ళిపోయారు.

ఆవిడ కష్టం ముందు నాదసలు కష్టమే కాదని కోతలు కొయ్యను. లోను కట్టాల్సిన తారీఖు వస్తే నాకు కష్టమే. కానీ ఆ వయసులో ఆవిడ పరీక్ష రాస్తే, కొత్త పని మొదట్నుంచీ నేర్చుకోడానికి నాకెందుకండీ నామోషీ? నాకన్నా చిన్నవాడి టీములో చేరిపోయా. రెజ్యూమెలో ఆ ఖాళీ నెలల్ని ఇప్పుడు దాచట్లేదు.